జిల్లాలోకెల్లా ఆరోగ్యమైన వేలు

ఆటగాళ్ళ వేలికొసల్లో ఉండే సన్నసన్నని రక్తనాళాలు దెబ్బతింటున్నాయన్న సంగతి చిదానందంగారికి ఒక విదేశీ సదస్సులో, మధ్యాహ్నం భోజనానికి కాస్త ముందు తెలిసింది. ఆయన మా జిల్లా క్రీడాభ్యున్నతి మండలికి డైరెక్టరు. అంతకు ముందు ఆటగాళ్ళకి వేళ్ళుంటాయన్న విషయం కూడా ఆయన పెద్దగా పట్టించుకున్నట్టు దాఖలాల్లేవు. సదస్సులో ఎవరో తెల్లకోటు పెద్దమనిషి తెర మీద బొమ్మలేసి చూపించాడు. వాలీబాల్ ఆడేవాళ్ళు ఏళ్ళ తరబడి బంతిని బాదితే కొందరికి భుజం దగ్గర రక్తనాళం చెడుతుందట. అక్కడ పుట్టిన చిన్న చిన్న గడ్డలు రక్తంతో పాటు కిందికి జారి వేలికొసల్లో ఇరుక్కుంటాయట. ముందే కనిపెడితే వేలు దక్కుతుంది, లేకపోతే లేదు. గోరు మొదట్లో ఓ నూనె చుక్క వేసి, ఒక యంత్రంలోంచి చూస్తే ఆ నాళాలు తలపిన్నులు వరసగా గుచ్చినట్టు కనిపిస్తాయని కూడా చెప్పాడు.

అంతా బంగారం లాంటి మాటే. కాకపోతే ఆ బంగారం మా మండలి ఆఫీసు మెట్లెక్కింది. చిదానందంగారు సూట్‌కేసు దించకుండానే ‘సూక్ష్మనాళ పరిరక్షణ పథకం’ ప్రకటించేశారు. యంత్రం వచ్చింది. దానికో ఏసీ గది వచ్చింది. గదికి తలుపు వచ్చింది, తలుపుకి తాళం వచ్చింది, తాళంచెవి మాత్రం డైరెక్టరుగారి జేబులోకి వెళ్ళింది.

ఈ కబురు విని నెత్తిన పాలు పోసినట్టు సంబరపడిన మనిషి జిల్లాలో ఒక్కడే. అమ్మాయిల వాలీబాల్ జట్టుకి కోచ్, నూకరాజు. అతని సంబరానికి కారణం సత్యవేణి.

సత్యవేణి ఎగిరి బంతిని కొడితే అవతలి జట్టువాళ్ళు బంతిని ఆపడం మానేసి మొహాలు కాపాడుకునేవాళ్ళు. అలాంటి పిల్ల ఈమధ్య బంతి కొట్టే ముందు నడిమివేలు ముడుచుకుంటోంది. చూసీ చూసీ నూకరాజు ఓ పొద్దున ఆట ఆపించి పక్కకి పిలిచాడు.

"ఏంటమ్మాయ్, బంతి అంత చక్కగా లేపి ఇస్తంటే వేలు దాచుకుంటావేంటి?"

"ఆ వేలు నాది కానట్టుంటందండి మాస్టారూ. పొద్దున్నే సున్నం పూసినట్టు తెల్లగా అయిపోతంది. బంతి తగిలిందో లేదో కూడా తెలవట్లేదండి."

"ఎప్పట్నుంచి?"

"వానాకాలం నుంచండి."

"మరి ఇంట్లో చెప్పలేదా?"

"చెప్పానండి. మా అమ్మ తన వేళ్ళు చూపించిందండి."

వాళ్ళమ్మ చంటమ్మ రొయ్యల షెడ్డులో పని చేస్తుంది. పొద్దంతా ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచే మనిషికి కూతురి వేలు తెల్లబడటం వింతగా ఎలా అనిపిస్తుంది? ఆ ఇంట్లో వేళ్ళు తెల్లబడతాయి, పొయ్యి దగ్గర కూర్చుంటే ఎర్రబడతాయి. సత్యవేణి వేలు పొయ్యి దగ్గర కూడా ఎర్రబడటం లేదన్నది ఎవరూ గమనించలేదు. నూకరాజు ఆ వేలు పట్టుకుని చూశాడు. చచ్చిన చేప లాగా చల్లగా తగిలింది. అప్పటికప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్దామనుకున్నాడు. అయితే అతను జన్మలో పైఅధికారిని ఎదిరించి ఎరగడు. ఏ పనైనా పద్ధతి ప్రకారం జరగాలనుకునే మనిషి. పద్ధతి తనంతట తనే యంత్రం రూపంలో నడిచొచ్చింది కదా అని ధైర్యం తెచ్చుకున్నాడు.

యంత్రాన్ని ఘనంగా ప్రారంభించారు. మొదటి వేలు ముఖ్య అతిథిగారిది. ఆ తర్వాత వేదిక మీద ఉన్నవాళ్ళందరివీ, వేదిక మీద చోటు దొరకనందుకు అలిగినవాళ్ళవీ చూశారు. తెర మీద ఆ నాళాలు ఎంత నిగనిగలాడుతూ కనిపించాయంటే జనం చప్పట్లు కొట్టారు. ఏ పనీ ఎరగని వేళ్ళకి దెబ్బ తగలడానికి అవకాశమేదీ?

యంత్రం నడపడానికి డెప్యుటేషన్ మీద వచ్చినవాడి పేరు బుల్లెబ్బాయి. అంతకు ముందు అతను రొయ్యపిల్లల్ని పరీక్షించే కేంద్రంలో ఉండేవాడు. జిల్లాలో మైక్రోస్కోపులోంచి చూసి సంతకం పెట్టిన అనుభవం ఉన్న ప్రభుత్వోద్యోగి అతనొక్కడే కాబట్టి, ఈ పోస్టుకి పోటీ లేకుండా ఎంపికయ్యాడు. మంచివాడు. రొయ్యపిల్ల ఒంటి మీద తెగులు మచ్చుందా లేదా అన్నదే అతని ఇరవయ్యేళ్ళ విద్య. మచ్చుంటే చెరువు ఖాళీ చేయిస్తాడు, లేకపోతే సంతకం పెడతాడు.

మర్నాడు జట్టు పిల్లలంతా వరసగా నిలబడ్డారు. రోజూ బంతితో కొట్లాడే వేళ్ళు కదా, ఒకరికి గోరు మొదట్లో చిన్న ఎర్రచుక్క, ఇంకొకరికి రెండు నాళాలు మెలిపడి ఉన్నాయి. సదస్సులో ఆ తెల్లకోటు పెద్దమనిషి ఇలాంటివి మామూలేనని చెప్పే ఉంటాడు. అప్పటికి భోజనం గంట కొట్టి ఉంటారు.

"మచ్చుందండి," అన్నాడు బుల్లెబ్బాయి మొదటి పిల్ల వేలు చూసి. రెండో పిల్లకీ అదే మాట. మూడో పిల్ల దగ్గరికొచ్చేసరికి తల అడ్డంగా ఊపి, "బేచ్ మొత్తం అంటుకున్నట్టుందండి," అన్నాడు దిగులుగా.

సత్యవేణి వంతు వచ్చింది. నూకరాజు తెర వైపు చూశాడు. తెర మీద ఏమీ లేదు. తలపిన్నులు లేవు, చుక్కలు లేవు, మెలికలు లేవు. తెల్లగా, సాపుగా, అప్పుడే సున్నం వేసిన గోడ లాగా ఉంది. బుల్లెబ్బాయి అద్దం తుడిచి మళ్ళీ చూశాడు. నూనె మార్చి చూశాడు. ఆఖరికి అతని మొహం వెలిగిపోయింది.

"అబ్బ! ఏం వేలండీ ఇది! ఒక్క మచ్చ లేదు!"

"మచ్చ సంగతి సరేనయ్యా, అసలు నాళాలే కనపడట్లేదు గదా!" అన్నాడు నూకరాజు.

"నన్నడిగింది దెబ్బతిన్న నాళాలెన్నో చెప్పమనండి. సున్నా. ఇంతకన్నా మంచి రొయ్యసీడు నా సర్వీసులో చూళ్ళేదండి."

సంతకం పెట్టేశాడు. పెట్టేసి, మంచిదాన్ని మచ్చలున్నవాటితో కలిపి ఉంచకూడదు కాబట్టి సత్యవేణిని మిగతా పిల్లలకి దూరంగా ఇంకో బెంచీ మీద కూర్చోబెట్టించాడు.

నూకరాజు పరుగున డైరెక్టరుగారి గదికి వెళ్ళాడు. చిదానందంగారు అప్పటికే పై ఆఫీసుకి ఫోన్ చేసి శుభవార్త చెప్పేశారు. రాష్ట్రంలో ఇంతవరకు ఏ జిల్లాలోనూ సున్నా రాలేదట.

"సార్, ఆ పిల్ల వేలికి రక్తం అందట్లేదేమోనండి. విశాఖపట్నంలో పెద్దాస్పత్రికి పంపిద్దామండి."

"నూకరాజూ," అన్నారు చిదానందంగారు కళ్ళజోడు తీసి. "దెబ్బతిన్న నాళాలు కలిగిన క్రీడాకారులను మాత్రమే వైద్యనిమిత్తం పంపవలెనని మార్గదర్శకాలు సుస్పష్టంగా పేర్కొనుచున్నవి. సదరు క్రీడాకారిణి వేలు జిల్లాలోకెల్లా ఆరోగ్యవంతమైన వేలుగా ధ్రువీకరించబడినది. ఆరోగ్యవంతమైన వేలిని ఆసుపత్రికి పంపిన యెడల ఆడిట్‌వారికి ఏమని సమాధానం చెప్పుకొనవలెను?"

"మరి చల్లగా ఉందండి సార్."

"చల్లదనం మన పథకం పరిధిలోనికి రాదు."

మర్నాడు నూకరాజు చంటమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ షెడ్డు బయట కూర్చుని చేతులు తుడుచుకుంటోంది. "ఏవండీ మాస్టారండీ, అంత పెద్ద మిషనే బాగుందని చెప్తంటే మనం బాగోలేదంటామా? పేపర్లో ఫొటో కూడా ఏశారంట!" అంది. ఆవిడ మొహంలో గర్వం చూసి అతను వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాడు.

ఆ వారంలోనే ఉత్తర్వులు వచ్చాయి. మచ్చలున్న పిల్లలందరినీ వాళ్ళ మేలు కోరి జట్టు నుంచి తీసేశారు. స్టేడియంలో బంతి ముట్టుకోవద్దన్నారు. జట్టంటే ఇక మిగిలింది సత్యవేణి ఒక్కతే. రాష్ట్రస్థాయి పోటీలేమో దగ్గర పడుతున్నాయి. కాబట్టి మచ్చలేని వేళ్ళ కోసం జిల్లా అంతా గాలించమని చిదానందంగారు ఆదేశించారు. బుల్లెబ్బాయి యంత్రం మోసుకుని ఆఫీసు తర్వాత ఆఫీసు తిరిగాడు. టైపిస్టులు తప్పారు. అటెండర్లు తప్పారు. క్యాంటీనులో దోసెలు వేసేవాళ్ళని చూడనేలేదు. కలెక్టరేట్‌లో కొందరు సూపరింటెండెంట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అతనికి ప్రాణం లేచొచ్చింది. ఫైలు వస్తే పక్క టేబులు మీదికి మోచేత్తో నెట్టి, అలా నెట్టుకుంటూనే రిటైర్మెంటు దాకా వచ్చిన మహానుభావులు వాళ్ళు. ఆ వేళ్ళు పసిపిల్లల వేళ్ళ లాగా ఉన్నాయి.

"సార్, ఇది అమ్మాయిల జట్టండి," అన్నాడు నూకరాజు, నిక్కర్లు తొడుక్కుని వచ్చిన నలుగురు పెద్దమనుషుల్నీ, పక్కనే టెన్నిస్ బూట్ల మీద పట్టుచీర కట్టుకొచ్చిన ఓ మేడంగారినీ చూసి.

"వేలికి స్త్రీపురుష భేదము లేదు," అన్నారు చిదానందంగారు.

సత్యవేణిని జట్టుకి కెప్టెన్ని చేశారు. కుడిచేతికి పట్టు తొడుగు తొడిగారు. యంత్రం పక్కనే, అదే ఏసీ గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. బయట ఎండకి నాళాలు ఉబ్బుతాయేమోనన్నది చిదానందంగారి భయం. బంతి ముట్టుకోకూడదు. బరువులెత్తకూడదు. జడ కూడా ఎవరో వచ్చి వేసేవాళ్ళు. రోజూ పొద్దున నూకరాజు వచ్చి కిటికీ దగ్గర నిలబడేవాడు.

"మాస్టారూ, ఇప్పుడు పక్క వేలు కూడా మొద్దుబారతందండి," అంది ఒకరోజు. "నలుగురూ నన్ను గుర్తుపెట్టుకోవాలంటే నేను ఆడాలి కదండీ. ఆడనివ్వకుండా కప్పులిస్తే ఏం చేసుకుంటానండి?"

"పోటీలైపోనీ అమ్మాయ్. తీసుకెళ్తాను," అన్నాడు నూకరాజు. తన పిరికితనం మీద తనకే అసహ్యం వేసింది.

పోటీలు మొదలయ్యాయి. తీరా చూస్తే అన్ని జిల్లాల వాళ్ళూ అదే తెలివి ఉపయోగించారు. కోర్టుకి అటూ ఇటూ రకరకాల శాఖల సీనియర్ ఉద్యోగులు బొజ్జలు సర్దుకుంటూ నిలబడ్డారు. అసలు చిక్కు విజిల్ వేశాక వచ్చింది. బంతిని ముట్టుకుంటే నాళాలు దెబ్బతింటాయి, ముట్టుకోకపోతే ఆట మొదలు కాదు. రిఫరీ రూలు పుస్తకం తిరగేశాడు. వేదిక మీద పెద్దలు తలలు దగ్గర పెట్టి గుసగుసలాడారు. కాసేపటికి మైకులో చిదానందంగారి గొంతు వినిపించింది.

"క్రీడాకారుల ఆరోగ్యమే క్రీడ యొక్క పరమార్థము గనుక, ఈ పోటీలలో బంతి కోర్టు మధ్యన ఉంచబడును. ఇరుజట్లవారూ దానిని క్రీడాస్ఫూర్తితో వీక్షించవలెను. ప్రతి సెట్టు ముగిసిన పిమ్మట వేళ్ళు పరీక్షించి విజేతను నిర్ణయించెదము."

ఇరుజట్లవారూ వీక్షించారు. కొందరు నిలబడి వీక్షించారు, కుర్చీలు తెప్పించుకున్న వాళ్ళు కూర్చుని వీక్షించారు. అవతలి జట్టులో ఒకాయన కునికిపాట్లు పడితే స్ఫూర్తి లోపించిందని పసుపు కార్డు చూపించారు. గ్యాలరీలో జనం కాసేపు ఓపిక పట్టి, పల్లీలు అయిపోగానే లేచి వెళ్ళిపోయారు. ఫైనల్లో అవతలి జట్టు సూపరింటెండెంటు ఒకాయన దోమని కొట్టబోయి చప్పట్లు చరిచాడు. ఆయన వేలికి మచ్చ పడింది. మా జిల్లా గెలిచింది.

బహుమతుల సభ ఆడిటోరియంలో జరిగింది. సూపరింటెండెంట్లు ఒక్కొక్కరే వచ్చి మెడలు వంచి పతకాలు వేయించుకున్నారు. ఆఖర్న ‘ఆదర్శ అంగుళి’ పురస్కారం కోసం సత్యవేణిని పిలిచారు. చిదానందంగారు స్వయంగా పట్టు తొడుగు తీసి, ఆ చేతిని పైకెత్తి సభకి చూపించారు. వేలి చివర తెలుపు పోయి నీలం వచ్చింది. కింద ముందు వరసలో ఉన్న నూకరాజుకి అది స్పష్టంగా కనిపించింది. డైరెక్టరుగారు ఆ వేలిని రెండు వేళ్ళతో ఆప్యాయంగా పట్టుకుని, కొంచెం ఉలిక్కిపడి, మైకు పక్కకి వంగి అన్నారు:

"ఎవరయ్యా అక్కడ? ఏసీ కాస్త తగ్గించండి. పాప చెయ్యి మంచుముద్దలా ఉంది."

ఏసీ తగ్గించారు. జనం చప్పట్లు కొట్టారు. నూకరాజు లేచాడు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో పిలవకుండా వేదిక ఎక్కడం అతనికి అదే మొదలు. సత్యవేణి భుజం మీద చెయ్యి వేసి, "పదమ్మా," అన్నాడు.

"నూకరాజూ! ఎచ్చటికి? ఆ వేలు మండలి అనుమతి లేనిదే జిల్లా దాటరాదు!"

"వేలు ఆ పిల్లదండి సార్," అన్నాడు నూకరాజు. తన నోట్లోంచే వచ్చిందా అని తనే ఆశ్చర్యపోయాడు. దారిలో చంటమ్మని కూడా వెంటబెట్టుకుని ముగ్గురూ విశాఖపట్నం బస్సెక్కారు.

పెద్దాస్పత్రిలో డాక్టరమ్మ యంత్రమేదీ అడగలేదు. వేలు నొక్కి చూసింది, మణికట్టు చూసింది, చెయ్యి పైకెత్తించి భుజం తడిమింది. వెంటనే భుజానికి స్కాను తీయించమని పంపింది. భుజంలో నాళం ఉబ్బి, అక్కడ్నుంచి గడ్డలు జారుతున్నాయని తేలింది.

"ఇన్నాళ్ళేం చేశారండీ?" అని కేకలేసింది. "ఇంకొన్నాళ్ళు ఆగితే ఈ వేలు తీసెయ్యాల్సొచ్చేది."

"మా ఊళ్ళో మిషనుందండి," అంది చంటమ్మ బిక్కమొహం వేసి. "అందులో పెట్టి చూస్తే ఏమీ కనపళ్ళేదని చెప్పారండి."

"ఏమీ కనపడకపోవడమేనమ్మా జబ్బు! రక్తం ఉంటే కదా నాళాలు కనపడేది!"

చంటమ్మ కూతురి చేతిని ఒళ్ళోకి తీసుకుంది. ఐసులో నానీ నానీ బరకబారిన తన వేళ్ళతో ఆ వేలిని రుద్దుతూ కూర్చుంది. కళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆ వేలు వదల్లేదు.

మందులు ఎక్కించారు. భుజానికి ఆపరేషన్ చేశారు. ఒక పొద్దున సత్యవేణి నిద్ర లేచి, "మాస్టారూ, తిమ్మిరెక్కినట్టు జివ్వుజివ్వుమంటందండి!" అని అరిచింది. వేలికొస గులాబిరంగులోకి వచ్చింది. నొప్పి పుడుతోందని అంతగా సంతోషించిన మనిషిని ఆ వార్డులో ఎవరూ చూసి ఉండరు. కొన్ని నెలలు భుజం జాగ్రత్తగా చూసుకుంటే మళ్ళీ ఆడుకోవచ్చని డాక్టరమ్మ మాటిచ్చింది.

నెలలు గడిచాయి. ఏడాదికోసారి జరిపే పునఃపరీక్ష వచ్చింది. బుల్లెబ్బాయి సత్యవేణి వేలు యంత్రం కింద పెట్టి చూసి కుంగిపోయాడు. ఈసారి తెర నిండా నాళాలే. వరసలు వరసలుగా, అందులో నాలుగైదు మెలితిరిగినవి, రెండు మూడు చుక్కలు. అలాంటి వేలు ఇలా అయిపోయిందేంటని అతను నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

దెబ్బతిన్న నాళాల లెక్క సున్నా దాటేసరికి మా జిల్లా ర్యాంకు ఒక్కసారిగా కిందికి పడిపోయింది. మొదటి ర్యాంకు పక్క జిల్లా ఎగరేసుకుపోయింది. సత్యవేణి పురస్కారం వెనక్కి తీసుకున్నారు. జట్టు నుంచి ఆమెనీ, కోచ్ పదవి నుంచి నూకరాజునీ ఒకే ఉత్తర్వులో తొలగించారు.

అప్పటికి నూకరాజు మచ్చలున్న పిల్లలందరినీ కూడగట్టి రొయ్యల షెడ్డు వెనక ఖాళీ జాగాలో వల కట్టేశాడు. ఐసు లారీలు తిరిగే దారి పక్కన, ఉప్పుగాలిలో, సాయంత్రం పూట అక్కడ ఆట సాగుతోంది. షెడ్డులో పని దిగిన ఆడవాళ్ళంతా గట్టు మీద కూర్చుని చూస్తారు. ఉత్తర్వు అందిన రోజే సత్యవేణి మొదటిసారి పూర్తి ఆట ఆడుతోంది. సరిగ్గా అప్పుడే నూకరాజు ఫోన్ మోగింది.

"నూకరాజూ, మీరు చేసినది క్షమార్హము కాదు," అన్నారు చిదానందంగారు. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. "రాష్ట్రమునకే తలమానికమైన వేలు. దానిని ఆసుపత్రులపాలు చేసి సర్వనాశనము చేసితిరి. ఇక ఆ వేలు దేనికీ పనికిరాదు."

కోర్టులో బంతి గాల్లోకి లేచింది. సత్యవేణి రెండడుగులు వేసి ఎగిరింది. వేళ్ళన్నీ విచ్చుకుని, అరచెయ్యి తెరిచి కొట్టింది. బంతి అవతల నేలకి తగిలి షెడ్డు రేకులు దద్దరిల్లాయి. గట్టు మీద చంటమ్మ లేచి నిలబడి కేకేసింది.

"ఏమిటయ్యా ఆ చప్పుడు?" అన్నారు ఫోన్లో చిదానందంగారు.

"అదేనండి సార్," అన్నాడు నూకరాజు, "ఆ పనికిరాని వేలండి."